దారి చెప్పే డబ్బా ఏమన్నది

మా సేటు కొడుకు చిన్న సేటు ఆ డబ్బాను కారు ముందు అద్దానికి అతికించిన రోజు ఇంటిల్లిపాదీ వచ్చి దాని రంగులు చూశారు, బాణం గుర్తు చూశారు, నీలం గీత ఎటు పోతే కారు అటు పోవాలట అని ముచ్చటపడ్డారు. నేను చూసింది ఒక్కటే. దానికి మూతి లేదు.

మూతి లేనిది మాట్లాడితే నాకు కష్టం. ఆ సంగతి అప్పటికి ముంబై పక్కన ఈ భివండీ మొత్తంలో ఇద్దరికే తెలుసు, నాకూ మా ఆవిడకూ. మూడో మనిషికి తెలిస్తే నా డ్రైవరు పని అక్కడితో సరి.

పదిహేడేళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడిని. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. కామత్‌ఘర్‌లో రేకుల షెడ్డు, అందులో ఇరవై నాలుగు సాంచెలు, నా వంతు ఆరు. అడ్డపోగును మోసే పడవలాంటి నాడె అటు కొట్టుకొని ఇటు వచ్చే చప్పుడు రోజుకు పన్నెండు గంటలు పడితే చెవి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముందు సన్నగొంతులు పోయాయి. ఆడవాళ్ల మాటలు, పిల్లల మాటలు, కుక్కర్ విజిల్, సైకిల్ బెల్లు. లారీ హారన్ వినిపిస్తుంది. ఇంజిన్ చప్పుడు చెవికంటే ముందు కాళ్ల కింద తెలుస్తుంది. మగవాళ్లు ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే సగం వినిపిస్తుంది, తక్కిన సగం పెదవులు చూసి నింపుకుంటాను. శుక్రవారం కరెంటు బంద్, ఊళ్లో సాంచెలన్నీ ఆగుతాయి. ఆ రోజు కూడా నా తలలో ఒక సాంచె ఆడుతూనే ఉండేది.

షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు, మాట్లాడినా లాభం లేదు. అక్కడ చేతుల భాష. పోగు తెగితే రెండు వేళ్లు పుల్ల విరిచినట్టు విరవాలి. చాయ్ అంటే బొటనవేలు నోటికి. ఎడమవైపు సాంచె ఆగిందంటే ఎడమ అరచేయి బోర్లా చాపాలి, కుడివైపుదైతే కుడి అరచేయి. సేటు వస్తున్నాడంటే లేని మీసమైనా సరే దువ్వాలి. ఆ మీసం సైగ ఒక్కటి కొత్తగా వచ్చినవాడు కూడా మొదటి రోజే నేర్చుకునేవాడు.

పత్తి దుమ్ముకు రొమ్ము చెడి, మళ్లీ సాంచెల దగ్గరికి పోతే బతకవని డాక్టరు చెప్పాక నేను టెంపో నేర్చుకున్నాను. నూలు, తాకలనే బట్ట చుట్టలు మోసుకుంటూ కొన్నాళ్లు తిరిగి, చివరికి మా తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో ఒక సేటు కారు ఎక్కాను. ఆయనా మా వైపు మనిషే. నాలాగే మీసం రాని వయసులో రైలెక్కి వచ్చి, ఇరవై ఏళ్లు వేరేవాళ్ల సాంచెలు నడిపి, తర్వాత సొంతంగా నాలుగు పెట్టి, వాటిని నలభై చేసినవాడు. గొంతు పెద్దది. డబ్బుతో పాటు గొంతు కూడా పెరిగిందని గల్లీలో అనుకునేవారు. పద్మనగర్‌లో మాట్లాడుకోవడానికీ కొట్లాడుకోవడానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి నేను దాన్ని పట్టించుకోలేదు.

సేటుకు ఒక అలవాటు ఉండేది. వెనక కూర్చునేవాడు కాదు. నా పక్కనే కూర్చొని, మాట్లాడేటప్పుడు పూర్తిగా నా వైపు తిరిగి, రెప్ప వేయకుండా నా మూతి చూసేవాడు. అబద్ధం పట్టుకోవడానికి అలా చూస్తున్నాడని నాకు లోపల దడగా ఉండేది. కానీ ఆయన అలా తిరగడం వల్లే ఆయన పెదవులు నాకు కనిపించేవి. అందుకే ఆ దడను భరించాను.

వెనక సీట్లో ఇంటివాళ్లు కూర్చుంటే లోపలి అద్దాన్ని కొంచెం కిందికి వంచుకునేవాణ్ణి. రోడ్డు కనిపించాల్సిన అద్దంలో వాళ్ల ముఖాలు కనిపించేవి. ఇది చెప్పుకోదగ్గ తెలివి కాదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పని పోతే మళ్లీ షెడ్డుకు పోలేను, వేరే పని రాదు, బిడ్డ పదో తరగతిలో ఉంది. మనిషి భయంతో చేసే పనులకు తెలివి అని పేరు పెట్టుకుంటాడు.

తెలియని చోటికి పోవాలంటే నా పద్ధతి సులువు. పాన్ డబ్బా దగ్గర ఆపి, అద్దం దించి అడగడం. దారి చెప్పేవాడు నోరొక్కటే తెరిచి ఊరుకోడు, చేయి చాపుతాడు. నోరు రైట్ అంటుంది, చేయి ఎడమకు చూపిస్తుంది. చెవులున్న డ్రైవర్లు నోటిని నమ్మి తిరుగుతూ ఉంటారు. నేను చేతిని నమ్మేవాణ్ణి, పోయి చేరేవాణ్ణి. ఆ రకంగా నాకు భివండీ చుట్టుపక్కల దారులన్నీ తెలిసినవాడినని పేరు వచ్చింది.

ఇలా నడుస్తుండగా, రెండు వేల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, ఆ డబ్బా వచ్చింది. సేటు ఒక్కగానొక్క కొడుకు పూణెలో చదువు ముగించి వచ్చి వ్యాపారంలో చేయి పెట్టిన కొత్త. కొత్త గోదాములు, కొత్త పార్టీలు, ఎక్కడెక్కడో అడ్రసులు. దారులు అడుక్కుంటూ తిరిగే కాలం పోయింది కాకా అన్నాడు నాతో. అది ఆడగొంతుతో ఇంగ్లీషులో చెబుతుందట. మొదటి రోజు నాకు ఎక్కడో సీమరేకు మీద మేకు గీసినట్టు ఏదో తగిలింది. మరునాటి నుంచి అది కూడా లేదు. చెవి ఇంకొక మెట్టు దిగింది కాబోలు అనుకొని ఊరుకున్నాను.

కానీ దాని మీద బాణం ఉంది. బాణం నాకు చాలు. సేటుకు ఇంగ్లీషు రాదు, అందుకని ప్రతి మలుపుకూ నా వైపు తిరిగి, నా మూతి చూస్తూ, "ఏమన్నది?" అనేవాడు. నేను బాణం చూసి, ఎడమకు పొమ్మన్నదనో నేరుగా పొమ్మన్నదనో చెప్పేవాణ్ణి. "ఆ, గట్లనే అన్నది. నేను గూడ ఇన్న" అనేవాడు. ఇంగ్లీషు రానివాడు ఏం విన్నాడో అడిగే హోదా నాకు లేదు.

డబ్బా సంగతి కూడా చెప్పాలి. హైవే మీద అది పంతులుగారి లాంటిది, ఒక్క మాట పొల్లు పోదు. ఊళ్లోకి వస్తే దాని పాండిత్యం అయిపోయేది. మా పద్మనగర్ దాని బొమ్మలో ఒక బూడిదరంగు మరక. గైబీ నగర్‌లో ఒకసారి చేతిబండి కూడా పట్టని సందులోకి తీసుకుపోయి, గమ్యం చేరారని జెండా చూపించింది. రెండు షెడ్ల గోడల మధ్య ఇరుక్కొని, సందు పొడవునా వెనక్కి నడిపాను. మరోసారి గోదాముకు పొమ్మంటే గోదాము వెనక గోడ దగ్గరికి చేర్చింది. గోడకు తలుపు ఉండాలన్న సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. అలాంటి చోట్ల నేను బాణాన్ని వదిలేసి, పాన్ డబ్బావాడి చేయి చూసి, బయటపడేవాణ్ణి. సేటు మురిసిపోయేవాడు. డబ్బా తప్పు చెప్పినా మావోడు పట్టించుకోడని చాయ్ దుకాణంలో చెప్పుకునేవాడు. ఇంకో మాట కూడా చెప్పేవాడు. ఆ ఆడమనిషి గొంతు చాలా మెత్తనిదట, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా ఉంటుందట. నేను పక్కనే నిలబడి అవునని తల ఊపేవాణ్ణి.

నాలుగు నెలలు అలా గడిచాయి. తర్వాత ఒక రోజు ధామన్‌కర్ నాకా దాటాక ఎడమకు తిప్పుతున్నాను, వెనక సీట్లో, ఎప్పుడో గాని మా కారు ఎక్కని చిన్న సేటు ఉన్నాడు, అద్దం అతని ముఖం మీద ఉంది. ఎడమవైపు నుంచి స్కూటర్ మీద వస్తున్న ఒకావిడ హారన్ కొట్టిందట. ఒక్కసారి కాదు, చాలాసేపు కొట్టిందట. మా కారు తగిలి కింద పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారింది. చిన్న సేటే దిగి ఆవిడను లేపి, దవాఖానాకు తీసుకుపోయి కట్టు కట్టించాడు. తిరిగి వచ్చాక నన్ను తిట్టలేదు. "కాకా, గా హారన్ ఇనవడలేదా నీకు?" అని మాత్రం అడిగాడు. ధ్యాస ఎటో పోయిందన్నాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ మోకాలే కనిపించింది. ఆవిడకు నేను అన్యాయం చేశాను. అది తెలిసి కూడా మరునాడు పొద్దున బండి తీశాను.

అప్పటి నుంచి చిన్న సేటు నన్ను గమనించడం మొదలుపెట్టాడు. తప్పు అతనిది కాదు.

ఒక బుధవారం వసయీ వైపు ఎవరో పాత సాంచెలు అమ్ముతున్నారని ముగ్గురం బయలుదేరాం. సేటు నా పక్కన, చిన్న సేటు వెనక. అంజూర్ ఫాటా దాటి కామన్ రోడ్డు పట్టాం. బాణం నేరుగా ఉంది. సేటు అలవాటు కొద్దీ నా వైపు తిరిగి ఏమన్నది అని అడిగాడు. నేరుగా పొమ్మంటున్నదని చెప్పాను. ఆయన తాను కూడా విన్నానన్నాడు.

అద్దంలో చిన్న సేటు ముఖం మారింది. రెండు సీట్ల మధ్యకు ముందుకు వంగి, డబ్బా మీద ఒక మూల వేలు పెట్టి చూపించాడు. స్పీకర్ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

"ఇది ఏమనలేదు కాకా. ఆవాజే బంద్ ఉన్నది."

ముఖం దగ్గరగా ఉంది కాబట్టి ప్రతి ముక్కా తెలిసింది. ఎన్ని రోజుల నుంచి అని అడిగాడు. నేను చెప్పలేదు, చెప్పడానికి తెలిస్తే కదా. మొదటి రోజు సాయంత్రం తడిగుడ్డతో అద్దం తుడుస్తూ డబ్బాను కూడా తుడిచాను. ఆ తుడుపులోనే నా వేలు దాని నోరు నొక్కేసి ఉంటుంది. నాలుగు నెలలు మూగదాని మాటలకు తలలూపాం.

సేటు కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. దొందూ దొందే, ఆయన కూడా విన్నానని అన్నాడు కదా. ఇంగ్లీషు రాదు కాబట్టి ఊరికే అన్నానని ఒక మాట చెబితే నా మీద బరువు కొంచెమైనా తగ్గేది. పెద్దవాళ్ల అబద్ధానికి లెక్క అడిగేవాడు ఉండడు, మాది మాత్రం పట్టుకుంటారు అనుకున్నాను.

చిన్న సేటు డబ్బా గొంతు విప్పి, పూర్తిగా పెంచాడట. జేబులోంచి రుమాలు తీసి దాని ముఖం మీద కప్పాడు.

"అది చెప్పంగనే నువ్వు నాకు చెప్పు కాకా. లెఫ్టా, రైటా. గంతే," అన్నాడు.

బాణం పోయింది. నాకు మిగిలింది రోడ్డు ఒక్కటే. ఇదే ఆఖరి రోజు అని తెలిసిపోయింది. మా ఆవిడకు ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఆమెకైతే గట్టిగా చెప్పాల్సిన అవసరం లేదు, అదొక్కటే సుఖం.

రోడ్డు రెండుగా చీలే చోటు కనిపించింది. అద్దంలో చిన్న సేటు ఊపిరి బిగపట్టి నన్నే చూస్తున్నాడు. అంటే డబ్బా మాట్లాడుతోందన్న మాట. అప్పుడు పక్క సీట్లో ఏదో కదిలింది. సేటు ఎడమ చేయి ఆయన మోకాలి మీద, అరచేయి బోర్లా, వెనకవాడికి కనపడకుండా చాపి ఉంది. ఎడమవైపు సాంచె ఆగింది.

ఆయన ఆ సైగ చేసి ఎన్నేళ్లయిందో. ఈయన నా సంగతి ఎప్పుడో కనిపెట్టాడు, అయినా పని తీయలేదు, ఇప్పుడు కొడుకు ముందు కాపాడుతున్నాడు అనుకున్నాను. ఇందాకటి కోపానికి సిగ్గుపడ్డాను.

"లెఫ్ట్ అన్నది," అని గట్టిగా చెప్పి, ధైర్యంగా ఎడమకు తిప్పాను.

రోడ్డు సన్నబడింది, తారు పోయి మట్టి వచ్చింది, చివరికి ఒక ఇటుక బట్టీ ముందు పూర్తిగా ఆగిపోయింది. నేనూ ఆపాను. చిన్న సేటు రుమాలు తీశాడు. డబ్బా మీద బాణం వెనక్కి తిరిగి ఉంది.

"రైట్ అన్నది కాకా. మూడుసార్లు అన్నది," అన్నాడు. కోపంగా కాదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

సేటు చేతి సంగతి నేను చెప్పలేదు. చెప్పినా ఏం లాభం. తలవంచుకొని, చాబీ తిప్పి ఇంజిన్ ఆపాను. కాళ్ల కింద ఉన్న ఆ కాస్త చప్పుడు కూడా పోయింది.

అప్పుడు సేటు నా భుజం మీద చేయి వేసి, కొడుకు వైపు తిరిగాడు. తలెత్తి ఇద్దరి పెదవులూ చూశాను.

"వాన్ని అనకు. ఎడమకని నేను చెప్పిన, చేతితోటి."

"మరి నీకు లెఫ్ట్ అని ఇనవడ్డదా బాపూ?"

"నాకేం ఇనవడలేదురా," అన్నాడు సేటు. "పదేండ్ల సంది నాకు సక్కగ ఇనవడ్తలేదు. రెండిట్ల ఒకటి గాదా అని చెయ్యి వెట్టిన."

ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు, ఎప్పటిలాగే నా మూతి చూస్తూ.

"అది ఏమన్నదని నిన్ను ఎందుకు అడిగేది తమ్మీ? నీకు ఇనవడ్తున్నదనుకున్న."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకున్నాను. ఆయన నా అబద్ధాన్ని చూడలేదు, నా పెదవులను చదువుతున్నాడు. నేను ఆయనవి చదువుతున్నాను. నాలుగు నెలలుగా మూగ డబ్బా ముందు ఇద్దరం ఒకరి మూతి ఒకరం చూసుకుంటూ, రెండోవాడికి వినపడుతోందన్న నమ్మకంతో ముంబై అంతా తిరిగాం. ఎక్కడికీ చేరకుండా పోలేదు, అదీ ఆశ్చర్యం.

చిన్న సేటు దిగి, సీసాలో నీళ్లు తాగి, కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి, నవ్వుతున్నాడో ఏమో నాకు తెలియలేదు. తర్వాత ఇటుకలు మోస్తున్న ఒకామెను దారి అడిగాడు. ఆమె తల మీద బరువు దించకుండానే చేయి చాపింది. ముగ్గురం ఆ చేయి వైపే చూశాం.

ఆ సాంచెలు అమ్మే షెడ్డుకు పోయేసరికి లోపల అన్నీ నడుస్తున్నాయి. గడప దాటగానే చిన్న సేటు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఏదో అరుస్తున్నాడు, ఎవరికీ అందడం లేదు. సేటూ నేనూ చెరొక వరసలో నడుస్తూ, సాంచె చట్రం మీద చేయి పెట్టి చూస్తూ, ఇది బాగుంది, దీని ఇరుసు అరిగింది, ఇది మనకొద్దు అని చేతులతో చెప్పుకుంటూ పోయాం. ఆ గంటసేపు అక్కడ చెవిటివాడు ఎవరంటే చిన్న సేటే.

మరుసటి వారం అతను మా ఇద్దరినీ ఠాణే ఊళ్లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అద్దాల గది, అందులో కుర్చీ. చెవులకు డొప్పలు పెట్టి, చేతిలో ఒక మీట ఇచ్చి, చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమంటారు. ముందు సేటు కూర్చున్నాడు. కొంతసేపు నొక్కాడు. తర్వాత వేలు ఆగింది. అద్దం అవతలి నుంచి నా వైపు చూశాడు, ఇప్పుడు నొక్కాలా అన్నట్టు. అంత పెద్ద సేటు, నలభై సాంచెలవాడు, పరీక్షలో పక్కవాడి కాగితం చూసే పిల్లవాడిలా ఉన్నాడు. నేను రెండు అరచేతులూ బోర్లా చాపి చూపించాను. అన్నీ ఆగాయి సేటూ. ఆయన గదిలో నవ్వాడు, నర్సు నన్ను కోప్పడింది. నా వంతుకు కూడా అలాగే అయింది. మీట చేతిలో ఊరికే చెమట పట్టింది.

బయట కారు దగ్గరికి వచ్చాక చాబీ తీసి చిన్న సేటు చేతిలో పెట్టాను. ఎవరూ అడగలేదు. పోయేది పనే అయినా, ఆ స్కూటర్ ఆవిడ మోకాలు మళ్లీ ఇంకెవరికీ కాకూడదు అనిపించింది. చిన్న సేటు చాబీ తీసుకొని, నా చేయి కాసేపు వదల్లేదు. సేటు నాకు ఎదురుగా వచ్చి నిలబడి, రేపటి నుంచి బట్ట తాకలు పరిచి తప్పులు పట్టే గదికి రమ్మన్నాడు. కండ్లు మంచిగనే ఉన్నాయి గదా, ఆ పనికి చెవులెందుకు అన్నాడు. ఆ పనిలోనే తర్వాత చాలా ఏళ్లు గడిపాను.

తిరుగు ప్రయాణంలో చిన్న సేటు నడిపాడు. సేటు మొదటిసారి వెనక కూర్చున్నాడు, నా పక్కన. చిన్న సేటు అద్దాన్ని రోడ్డుకు సరిచేసుకొని, అందులోంచి ఒకసారి మమ్మల్ని చూశాడు. సేటు వెంటనే నాకు మాత్రమే కనిపించేలా మీసం దువ్వాడు. ఇన్నేళ్లూ ఆ సైగ ఆయనలాంటి సేట్ల రాకకే చేశాం. నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ బయటికి చూశాను.

డబ్బా గొంతు విప్పే ఉంది. హైవే మీద మలుపు దగ్గర చిన్న సేటు తల దానివైపు ఒరిగింది. సేటు అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, నా మూతి చూస్తూ అడిగాడు.

"ఏమన్నది?"

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట, చెప్పడానికి భయపడ్డ మాట, అంత తేలికగా నోట్లోంచి వస్తుందనుకోలేదు.

"ఏమో సేటూ. నాకు ఇనవడలే."

ఆయన తనకు కూడా వినపడలేదన్నాడు. కారు కుడికి తిరిగింది. కుడికి తిరిగే సంగతి మా ఇద్దరికీ కాళ్ల కింద తెలిసింది.